ఇనప పైపు, స్టీలు పైపు: రాయగడ నుంచి గోపాలపూర్ దాకా ఏ పనికి ఏ ఉక్కు

తెలుగిళ్లలో స్టీలు అంటే మెరిసేదే. స్టీలు గిన్నె, స్టీలు బిందె, స్టీలు డబ్బా. నల్లగా ఉండి తుప్పు పట్టేది ఇనుము. రాయగడ బజారులో హార్డ్‌వేర్ కొట్టుకెళ్లి తెలుగులో 'ఇనప పైపు' అని అడిగినా, ఒడియాలో 'లుహా పైప్' అని అడిగినా కొట్టాయన తీసిచ్చేది మైల్డ్ స్టీలు పైపే. అంటే అదీ ఉక్కే. పాత ఇళ్ల మురుగు గొట్టాల్లో కనిపించే బీడు (పోత ఇనుము) మాత్రమే దానికంటే వేరు జాతి. మాటలో ఉన్న ఈ తికమక మనసులోకీ వచ్చేసింది. స్టీలు గొప్పది, ఇనుము తక్కువది, డబ్బులుంటే స్టీలు వేయించాలి, లేకపోతే ఇనుముతో సరిపెట్టుకోవాలి అనుకుంటారు. గిన్నెల విషయంలో ఇది నిజమే కావచ్చు. పైపుల దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల తప్పు, కొన్నిచోట్ల పూర్తిగా తలకిందులు.

ఈ సంగతి తెలియాలంటే దక్షిణ ఒడిశా సరిహద్దు జిల్లాలు ఒక్క చుట్టు తిరిగితే చాలు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. అందుకే బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం బజార్లలో ఇప్పటికీ తెలుగు నడుస్తుంది. ఫ్యాక్టరీల్లో ఫిట్టర్లుగా, వెల్డర్లుగా పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు కనిపిస్తారు. రాయగడ పక్కనే జేకేపూర్‌లో 1962 నాటి కాగితం మిల్లు ఉంది. తేరుబలిలో ఫెర్రో మిశ్రమాల ఫ్యాక్టరీ, కాశీపూర్ వైపు దొరగుడలోనూ కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలోనూ అల్యూమినా రిఫైనరీలు, మాచ్‌ఖండ్‌లో జలవిద్యుత్తు, ఛత్రపురంలో సముద్రపు ఇసుక నుంచి ఖనిజాలు తీసే కర్మాగారం, గోపాలపూర్‌లో రేవు. కొండల ఊటనీరు, ఆవిరి, కాస్టిక్, క్లోరిన్, ఉప్పుగాలి... పైపును తినేసేవన్నీ ఈ కొద్దిపాటి దూరంలోనే ఉన్నాయి. ఒకచోట పనికొచ్చిన పైపు ఇంకోచోట ఎందుకు పనికిరాదో చూడటానికి వేరే ఊరు వెళ్లక్కర్లేదు.

ముందు ఒక చిన్న అపోహ సంగతి. ఈ ప్రాంతంలో గట్టి ఇనుము ఏది కనబడినా 'వైజాగ్ స్టీలు' అనేయడం అలవాటు. విశాఖ ఉక్కు కర్మాగారం చేసేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, రౌండ్లు, యాంగిళ్ల లాంటి పొడుగు సరుకు. పైపులు చేయదు. పైపులు చేసేది ఒడిశాలోనే ఉత్తరాన ఉన్న రూర్కెలా కర్మాగారం. అక్కడ పొడుగునా అతికించే ఈఆర్‌డబ్ల్యూ పైపులకూ, మెలికలుగా చుట్టి అతికించే స్పైరల్ వెల్డింగ్ పైపులకూ విడిగా ప్లాంట్లున్నాయి. కాబట్టి ఎవరైనా 'ఇది వైజాగ్ స్టీలు పైపండీ' అని గట్టిగా చెబితే, పైపు మీద అచ్చు ఒకసారి చదువుకోవడం మంచిది.

నీళ్ల పైపు: మందం కంటే మరలు ముఖ్యం

ఇంటికీ, పొలానికీ, పంచాయతీ ట్యాంకుకీ వేసే మామూలు పైపు మైల్డ్ స్టీలు. అందులో కార్బన్ చాలా తక్కువ. అందుకే వంగుతుంది, సులువుగా వెల్డింగ్ పడుతుంది, మరలు బాగా తెగుతాయి. 150 మిల్లీమీటర్ల సైజు దాకా దీనికి ఐఎస్ 1239 ప్రమాణం. అంతకు పెద్దవాటికి ఐఎస్ 3589. ఐఎస్ 1239లో మూడు తరగతులు. లైట్‌కు పసుపు పట్టీ, మీడియంకు నీలం పట్టీ, హెవీకి ఎర్ర పట్టీ. బజారులో వీటినే ఏ క్లాస్, బి క్లాస్, సి క్లాస్ అంటారు. మూడింటికీ బయటి కొలత దాదాపు ఒకటే, తేడా అంతా గోడ మందంలోనే. ఇంచి పైపు బయటి కొలత 33.7 మిల్లీమీటర్లు. గోడ మందం లైట్‌లో 2.6, మీడియంలో 3.2, హెవీలో 4 మిల్లీమీటర్లు.

రంగు పట్టీని ఎవరైనా పూయగలరు. బరువును పూయలేరు. ఆరు మీటర్ల ఇంచి నల్ల పైపు లైట్ అయితే సుమారు 12 కిలోలు, మీడియం 14న్నర, హెవీ 17న్నర తూగాలి. జింకు పూత ఉంటే ఇంకాస్త ఎక్కువ. సి క్లాస్ అని బిల్లు వేసిన పైపు 14 కిలోలు తూగితే ఇక మాటలతో పనిలేదు. కాటా పక్కనే ఉన్నా దీన్ని తూచి చూసేవాళ్లు తక్కువ.

అయితే మందం దేనికోసం? ప్రెషర్ కోసం అని చాలామంది జవాబు. నిజానికి నీళ్ల పైపుకు ప్రెషర్ పెద్ద సమస్య కాదు. ప్రతి పది మీటర్ల ఎత్తుకూ ఒక బార్ పీడనం వస్తుంది. కొండ మీద ట్యాంకు కుళాయి కంటే 150 మీటర్ల ఎత్తులో ఉన్నా 15 బార్లే. ఈ పైపుల్ని ఫ్యాక్టరీలో 50 బార్ల నీటి పీడనంతో పరీక్షించి పంపుతారు. లైట్ పైపు కూడా ఆ పీడనానికి పగలదు. తేడా వచ్చేది మరల దగ్గర. ఇంచి పైపుకు కోసే మర లోతు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు. 2.6 మిల్లీమీటర్ల గోడలో అంత కోసేస్తే మర అడుగున మిగిలేది 1.1 మిల్లీమీటరు. హెవీలో అయితే 2.5 మిగులుతుంది. పైగా జింకు పూత వేసిన జీఐ పైపులో మర కోసిన చోట జింకు కూడా పోతుంది. పాత పైపులు ఎప్పుడూ మధ్యలో కాకుండా సాకెట్ పక్కనే చిల్లు పడటానికి కారణం ఇదే. సి క్లాస్‌కు ఎక్కువ డబ్బులు పెట్టడమంటే చివర్లలో ఉన్న ఆ కాస్త మరను కొనుక్కోవడమే. మరలు లేకుండా వెల్డింగ్‌తోనో, బోల్టులతో బిగించే ఫ్లాంజ్‌లతోనో కలిపే లైనుకు అదే ఖర్చు చాలాసార్లు దండగ.

జీఐ అంటే కొత్త లోహం కాదు. అదే మైల్డ్ స్టీలును కరిగిన జింకులో, సుమారు 450 డిగ్రీల వేడిలో ముంచి తీస్తారు. జింకు కేవలం రంగులా కప్పి ఊరుకోదు, ఇనుము బదులు తాను అరుగుతుంది. ఎక్కడైనా చిన్న గీత పడినా చుట్టుపక్కల జింకు ఉన్నంతకాలం లోపలి ఇనుము భద్రం. కానీ అన్ని నీళ్లూ జింకును ఒకేలా చూడవు. సున్నపు అంశం ఉన్న బావి నీరు పైపు లోపల పలచటి పొర కట్టి జింకుకు కాపలా కాస్తుంది. కొండ ఊటల్లో వచ్చే మెత్తటి, కొద్దిగా ఆమ్లగుణమున్న నీటికి అలాంటి పొర కట్టే శక్తి ఉండదు. నోటికి తియ్యగా ఉండే ఆ నీరే పైపుకు చేదు. బరంపురంలో బాగా ఆగిన జీఐ పైపు కొండ మీద ఊళ్లో అంతకాలం ఆగుతుందని హామీ ఇవ్వడం కష్టం. అలాంటిచోట నల్ల ప్లాస్టిక్ గొట్టమే మేలు. రాతి మీద, వంతెన మీద, పశువులు తొక్కే చోట మాత్రం స్టీలు తప్పదు.

వేడినీటి లైనుకూ జీఐ సరిపడదు. నీరు సుమారు 60 డిగ్రీలు దాటితే కొన్ని రకాల నీళ్లలో జింకు, ఇనుము పాత్రలు మారిపోతాయి. ఇనుమే అరిగి జింకును కాపాడుతుంది. గీజరు లైన్లు తొందరగా ఎర్రనీళ్లు కక్కడంలో దీనికీ వాటా ఉంది. ఇంకో మాట. జీఐ పైపుకు నేరుగా వెల్డింగ్ పెడితే లేచే తెల్లటి పొగ జింకుది. సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే, బెల్లం తింటే పోతుందని వర్క్‌షాపుల్లో నమ్మకం. జింకు గీకేసి, గాలి ఆడేచోట పనిచేయడమే అసలు మందు.

గొట్టం పెద్దదైన కొద్దీ లెక్క మారుతుంది. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ లాంటి జలవిద్యుత్ కేంద్రాల్లో కొండ మీది నుంచి టర్బైన్‌కు నీరు దింపే పెన్‌స్టాక్ గొట్టాలుంటాయి. పీడనం ఒకటే అయినా, వ్యాసం రెట్టింపైతే గోడ మీద పడే బిగువు రెట్టింపవుతుంది. మందాన్ని కూడా రెట్టింపు చేస్తేనే ఆ గొట్టం చిన్న గొట్టంతో సమానం. ఇంకో విశేషం ఏమిటంటే, గొట్టం గోడను చుట్టూ లాగే బిగువు, నిలువునా లాగే బిగువుకు సరిగ్గా రెండింతలు. అందుకే పీడనానికి లొంగిపోయిన గొట్టం వెదురు బొంగులా పొడుగునా చీలుతుంది, అడ్డంగా విరగదు. వాల్వును ఒక్కసారిగా మూసేస్తే కదిలే నీటి బరువంతా వచ్చి గుద్దుతుంది. పెన్‌స్టాక్ ప్లేటు మందం నిర్ణయించేటప్పుడు నిలకడ నీటి పీడనంతో పాటు ఈ గుద్దునూ లెక్కలోకి తీసుకుంటారు.

ఆవిరి పైపు: అతుకున్నదీ, లేనిదీ

చీలిక పొడుగునా వస్తుందన్నప్పుడు పొడుగునా ఉన్న అతుకు గురించి ఆలోచించక తప్పదు. ఈఆర్‌డబ్ల్యూ పైపంటే ఉక్కు పట్టీని గుండ్రంగా మడిచి, అంచుల్ని కరెంటు వేడితో అతికించింది. సీమ్‌లెస్ అంటే ఎర్రగా కాల్చిన దిమ్మె మధ్యలో బొరియ చేసి సాగదీసింది. దానికి అతుకే లేదు. జర్మనీలో మాన్నెస్‌మాన్ సోదరులు 1885లో ఈ పద్ధతి కనిపెట్టారు. ఫ్యాక్టరీ పైపింగ్ లెక్కల్లో సీమ్‌లెస్‌కు పూర్తి బలం ఇస్తారు, ఈఆర్‌డబ్ల్యూకు 0.85 వంతే ఇస్తారు. అలాగని ఈఆర్‌డబ్ల్యూ చెడ్డది కాదు. చల్లటి నీటికీ, గాలికీ, ఫైర్ లైనుకూ అది దివ్యంగా సరిపోతుంది. మందం అన్ని వైపులా సమానంగా ఉండటంలో సీమ్‌లెస్ కంటే ఈఆర్‌డబ్ల్యూయే నయం. దిమ్మెలో బొరియ ఏమాత్రం పక్కకు జరిగినా సీమ్‌లెస్ గోడ ఒకవైపు పలచబడుతుంది. అందుకే లెక్క వేసేటప్పుడు చెప్పిన మందంలో పన్నెండున్నర శాతం తీసేసి చూస్తారు.

ఆవిరి లైన్లకు ఎక్కువగా వాడేది ఏ106 గ్రేడ్ బి అనే రకం సీమ్‌లెస్. నాలుగంగుళాల షెడ్యూల్ 40 (షెడ్యూల్ అంటే గోడ మందాన్ని చెప్పే అంకె) పైపు తీసుకుంటే బయటి కొలత 114.3, మందం 6.02 మిల్లీమీటర్లు. ఆ ఉక్కు మీద పెట్టదగిన బిగువు మామూలు వేడిలో 138 మెగాపాస్కల్స్. రెండుసార్లు బిగువు, దాన్ని మందంతో గుణించి, వ్యాసంతో భాగిస్తే 14.5 మెగాపాస్కల్స్ వస్తుంది. తరుగు తీసేస్తే 12.7, అంటే 127 బార్లు. పది పన్నెండు బార్ల ఆవిరికి ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. మరి అంత మందం ఎందుకంటే, ఏళ్ల తరబడి అరగడానికీ, తన బరువు తాను మోయడానికీ, వెల్డింగ్‌కు గోడ నిలవడానికీ.

ఆవిరి లైనులో అసలు తంటా వేడికి సాగడం. వంద మీటర్ల కార్బన్ స్టీలు (మామూలు 'ఇనప' ఉక్కు) లైను 25 డిగ్రీల నుంచి 175 డిగ్రీలకు వేడెక్కితే 18 సెంటీమీటర్లు సాగుతుంది. అదే లైను స్టెయిన్‌లెస్‌తో, అంటే ఇళ్లలో స్టీలు అనే మెరిసే ఉక్కుతో వేస్తే పాతిక సెంటీమీటర్లు దాటుతుంది. మధ్యలో వంపులు పెట్టకుండా రెండు చివర్లూ బిగించేస్తే ఏ సపోర్టో పెరికేసుకుని బయటకొస్తుంది. 'డబ్బులున్నాయి కదా, ఆవిరి లైను కూడా స్టీలే వేద్దాం' అనుకునేవాళ్లు ఈ ఏడెనిమిది సెంటీమీటర్ల సంగతి మరిచిపోతారు.

సుమారు 425 డిగ్రీల తర్వాత కార్బన్ స్టీలు పనికిరాదు. ఏళ్లు గడిచేకొద్దీ అందులోని కార్బన్ గ్రాఫైటుగా విడిపోయి ఉక్కు పెళుసుబారుతుంది. అక్కడి నుంచి క్రోమియం, మాలిబ్డినం కొద్దికొద్దిగా కలిపిన మిశ్రమాలు. పీ11లో క్రోమియం ఒకటింపావు శాతం, పీ22లో రెండుంపావు, పీ91లో తొమ్మిది. థర్మల్ కేంద్రాల్లో 540 డిగ్రీల ఆవిరిని మోసేవి ఇవే. వీటికి వెల్డింగ్ ముందు వేడి చేయాలి, తర్వాత కూడా లెక్కప్రకారం వేడి చేసి నెమ్మదిగా చల్లార్చాలి. పీ91కు ఆ ఒక్క మెట్టు తప్పితే, అంత ఖరీదైన పైపు గాజులా పగులుతుంది.

కాస్టిక్ దగ్గర ఇనుముదే పైచేయి

దామన్‌జోడి, దొరగుడ రిఫైనరీల్లో జరిగే పని మాటల్లో చెప్పడం తేలిక. బాక్సైటు పిండిని వేడి కాస్టిక్ సోడాలో ఉడికిస్తే అల్యూమినా కరిగిపోతుంది, ఎర్రమట్టి మిగులుతుంది. పంచపట్‌మాలి కొండ బాక్సైటు తేలిగ్గా కరిగే గిబ్‌సైటు రకం కాబట్టి దామన్‌జోడిలో మామూలు వాతావరణ పీడనం దగ్గరే, సుమారు 105 డిగ్రీల వేడిలో ఈ ఉడకబెట్టడం జరుగుతుంది. బయటివాళ్లు ఇంత ఘాటు రసాయనం మోసే పైపులు స్టెయిన్‌లెస్‌వి అయ్యుంటాయి అనుకుంటారు. ఇలాంటి రిఫైనరీల్లో అధికభాగం మామూలు కార్బన్ స్టీలే. ఆమ్లానికి ఇనుము కరిగిపోతుంది గానీ, క్షారంలో దాని ఒంటి మీద సన్నటి ఆక్సైడు పొర కట్టి అరుగుదల ఆగిపోతుంది. ఆ పొర స్టెయిన్‌లెస్ పొరలా కంటికి ఇంపుగా ఉండదు, నల్లగా ఉంటుంది. పని మాత్రం చేస్తుంది.

ప్రమాదం అరగడం వల్ల కాదు, పగలడం వల్ల. వెల్డింగ్ చేసిన చోట లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్న బిగువు లోపలే ఉండిపోతుంది. వేడి కాస్టిక్ సరిగ్గా అక్కడే చొరబడి వెంట్రుక లాంటి పగుళ్లు తెస్తుంది. పైపు మందం ఒక్క పిసరు తగ్గదు, బయట తుప్పు ఉండదు, ఒకరోజు జాయింటు పక్కన తెల్లటి పొడి కనిపిస్తుంది. బయటికి ఊరిన కాస్టిక్ గాలికి ఎండిందన్నమాట. దీనికి మందు మందమైన పైపు కాదు, వెల్డింగ్ అయ్యాక జాయింటును 600 నుంచి 650 డిగ్రీల దాకా వేడిచేసి, పాతిక మిల్లీమీటర్ల మందానికి గంట లెక్కన నిలిపి, నెమ్మదిగా చల్లార్చడం. దీంతో లోపలి బిగువు సడలిపోతుంది. 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్ అయితే సుమారు 50 డిగ్రీల నుంచే ఇది అవసరం. గాఢత తగ్గితే ఇంకొంచెం వేడి దాకా ఓర్చుకుంటుంది. కాస్టిక్ గడ్డకట్టకుండా పైపు వెంట ఆవిరి గొట్టం చుట్టే చోట మరీ జాగ్రత్త. లోపలి ద్రవం సగటున గోరువెచ్చగానే ఉన్నా, ఆవిరి గొట్టం తాకే గీత వెంబడి గోడ కాలిపోతూ ఉంటుంది. పగుళ్లు ఆ గీత మీదే వస్తాయి.

మరి స్టెయిన్‌లెస్ వేస్తే? నూరు డిగ్రీల లోపు బాగానే ఉంటుంది. అది దాటి గాఢత కూడా పెరిగితే స్టెయిన్‌లెస్‌లో ఎక్కువగా వాడే 304, 316 రకాలు రెండూ పగుళ్లిస్తాయి. కాస్టిక్‌లో ఉప్పు అంశం కలిసి ఉంటే ఇంకా త్వరగా. ఆ స్థాయిలో నిజంగా నిలబడేది నికెల్, దాని మిశ్రమాలే. వాటి ధర తలచుకుంటే సంచిలో డబ్బులు సరిపోవు. కాబట్టి సరిగ్గా బిగువు తీసిన ఇనప పైపు, తీయని స్టీలు పైపు కంటే చవకైనదీ, నమ్మదగినదీ. జీఐ మాటైతే ఎత్తనే వద్దు. బాక్సైటులో అల్యూమినాను కరిగించే కాస్టిక్కే జింకునూ కరిగిస్తుంది, పైగా మండే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. దొరికింది కదా అని కాస్టిక్ లైనులో ఒక జీఐ నిపుల్ బిగించడం నిప్పుతో ఆటే.

ఎర్రమట్టి బురద మోసే లైన్లది ఇంకో కథ. అక్కడ రసాయనం కంటే రాపిడి ఎక్కువ. బురద పైపు అడుగున పారుతూ అడుగునే అరగదీస్తుంది. అందుకే కొన్నాళ్లకోసారి ఫ్లాంజ్‌లు విప్పి పైపును మూడోవంతు చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తారు. ఒకే పైపు మూడుసార్లు కొత్తదవుతుంది. ఎల్బోలు తిప్పడానికి కుదరదు కాబట్టి వాటిని పొడవాటి వంపుతో పెట్టడమో, లోపల రబ్బరో సిరామిక్కో అతికించడమో చేస్తారు.

తేరుబలి క్రోమియం, గోపాలపూర్ ఉప్పు

స్టెయిన్‌లెస్ అనిపించుకోవాలంటే ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉండాలి. ఆ క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల మందం పొర కడుతుంది, గీత పడితే మళ్లీ తానే కట్టుకుంటుంది. దేశంలో క్రోమైటు ఖనిజ నిల్వల్లో 90 శాతానికి పైగా ఒడిశాలోనే, ముఖ్యంగా జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో ఉన్నాయి. ఆ ఖనిజం నుంచి ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రమం) చేసే కొలుములున్న చోట్లలో రాయగడ దగ్గరి తేరుబలి ఒకటి. ఎక్కడో వంటింట్లో మెరిసే గిన్నెకు ఆ మెరుపు ఇచ్చే సరుకు, ఈ ఊరి మీదుగా రైలెక్కి పోతుంది. నికెల్ మాత్రం దేశంలో దాదాపు దొరకదు, దిగుమతే. స్టెయిన్‌లెస్ బజారులో జరిగే మోసాలన్నిటికీ మూలం ఆ నికెలే.

304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 316లో నికెల్ పది శాతం పైన, దానికి తోడు రెండు మూడు శాతం మాలిబ్డినం. నికెల్ తగ్గించి మాంగనీసుతో నెట్టుకొచ్చేది 200 సిరీస్. 202లో నికెల్ నాలుగు నుంచి ఆరు శాతమే. బజారులో జే4 పేరుతో తిరిగే రకంలో ఇంకా తక్కువ. మెట్ల రెయిలింగుకు ఇది చాలు. పైపింగ్‌లో, అందులోనూ వెల్డింగ్ ఉన్నచోట, 304 అని చెప్పి ఇది అంటగడితే ఏడాది తిరక్కుండా జాయింట్ల దగ్గర గోధుమరంగు మరకలొస్తాయి. కొనేవాళ్ల దగ్గరున్న ఆయుధం అయస్కాంతం. అంటుకుంటే నకిలీ, అంటుకోకపోతే అసలు అని నమ్మకం. 202 కూడా 304 లాగే అయస్కాంతానికి అంటుకోదు, కాబట్టి ఆ పరీక్షలో దొంగ దొరకడు. పైగా 316 కంటే ఎంతో మేలైన డూప్లెక్స్ రకం అంటుకుంటుంది, దాంట్లో సగం అయస్కాంతానికి అంటుకునే ఫెర్రైటు కాబట్టి. అయస్కాంతాన్ని నమ్మేవాడు చవక సరుకు ఇంటికి తెచ్చుకుని, మంచి సరుకు వెనక్కి పంపుతాడు.

304 పక్కన ఎల్ అక్షరం ఉందా లేదా అన్నదీ చిన్న విషయం కాదు. ఎల్ అంటే కార్బన్ 0.03 శాతం లోపు. ఉక్కు 425 నుంచి 850 డిగ్రీల మధ్య కాసేపు ఉంటే కార్బన్ వెళ్లి క్రోమియాన్ని పట్టేసుకుంటుంది. ఆ చుట్టుపక్కల క్రోమియం తగ్గి, అంతవరకూ అది మామూలు ఇనుమే అవుతుంది. వెల్డింగ్ గీతకు రెండువైపులా ఆ వేడి తప్పదు. మందమైన పైపుకు వెల్డింగ్ చేయాల్సినప్పుడు ఎల్ లేని 304 కొనడం, వచ్చే ఏడాది తుప్పును ఇప్పుడే కొనుక్కోవడం.

కాగితం మిల్లు దీనికి మంచి ఉదాహరణ. క్రాఫ్ట్ పద్ధతిలో గుజ్జు ఉడికించే ద్రావణాలు క్షారాలు. అక్కడ కార్బన్ స్టీలు, 304ఎల్, ఇప్పుడు డూప్లెక్స్ కూడా నడుస్తాయి. గుజ్జును తెల్లబరిచే చోట క్లోరిన్ డయాక్సైడు ఉంటే 316ఎల్ కూడా చేతులెత్తేస్తుంది. అక్కడ మాలిబ్డినం ఎక్కువున్న ఖరీదైన రకాలు, టైటానియం, లేదంటే అసలు లోహమే కాని ఫైబర్ గొట్టాలు. ఒకే మిల్లులో ఒక గోడకు ఇటుపక్క ఇనుము చాలు, అటుపక్క ఏ స్టీలూ చాలదు.

దీనికి ఒక లెక్క ఉంది. క్రోమియం శాతం, దానికి మాలిబ్డినం శాతాన్ని 3.3తో, నైట్రోజన్ శాతాన్ని 16తో గుణించి కలపాలి. 304కు 18, 19 దగ్గర వస్తుంది, 316కు 24 ప్రాంతంలో, 2205 డూప్లెక్స్‌కు 35 దగ్గర. ఉప్పునీటి ముందు ఎవరెంత సేపు నిలబడతారో ఈ అంకె చూచాయగా చెబుతుంది. డూప్లెక్స్‌కు ఇంకో లాభం, శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునే బిగువు 450 మెగాపాస్కల్స్. 316ఎల్‌కు 170 మాత్రమే. పలచటి గోడతో పని అయిపోతుంది కాబట్టి కిలో ధర ఎక్కువైనా మీటరు ధర అంత ఎక్కువ కాకపోవచ్చు. సుమారు 300 డిగ్రీల పైన మాత్రం పెళుసుబారుతుంది, వాడకూడదు.

గోపాలపూర్, ఛత్రపురం వైపు శత్రువు పైపు లోపల కాదు, బయట. ఉప్పుగాలి ఇన్సులేషన్ సందుల్లోంచి దూరి, వానలో తడిసి, వేడికి ఎండి, పైపు ఒంటి మీద ఉప్పు చిక్కబడుతుంది. 60 డిగ్రీలు దాటిన 304, 316 పైపులు ఈ స్థితిలో తుప్పు లేకుండానే పగులుతాయి. అదే చోట రంగు వేసిన కార్బన్ స్టీలు తుప్పు పడుతుంది గానీ, నెమ్మదిగా, కనిపిస్తూ పడుతుంది. ఒక్కోసారి కనిపించే జబ్బే నయం. ఇన్సులేషన్ మీది రేకు జాయింటు కిందికి చూసేలా పెట్టడం, వేడి స్టెయిన్‌లెస్‌కు కూడా ఇన్సులేషన్ కింద రంగు వేయడం లాంటి చిన్న పనులు అక్కడ గ్రేడు మార్చడం కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

జాయింటు దగ్గర తేలే సంగతులు

మంచి గ్రేడు కొని పని చెడగొట్టడానికి దారులు చాలా ఉన్నాయి. ఇనుము కోసిన గ్రైండర్ బిళ్లతోనే స్టెయిన్‌లెస్ కోస్తే ఇనప రజను దాని ఒంట్లో గుచ్చుకుని మొదటి వానకే తుప్పు చుక్కలుగా తేలుతుంది. పైపుదేం తప్పు లేదు, బిళ్లది. స్టెయిన్‌లెస్‌కు 308ఎల్ లేదా 316ఎల్ రాడ్, ఇనుముతో స్టెయిన్‌లెస్ కలపాలంటే 309ఎల్, మామూలు ఆవిరి లైనుకు 7018. ఇవి తారుమారైతే వెల్డింగ్ చూడటానికి బాగానే ఉంటుంది. లైనులో నీళ్లు నింపి పీడనం పెట్టి చూసే హైడ్రో టెస్ట్ మరో ఉచ్చు. స్టెయిన్‌లెస్ లైనులో బోరు నీళ్లు నింపి, టెస్ట్ పాసై, బిల్లు కోసమో వాల్వు కోసమో పని ఆగిపోయి, ఆ నీళ్లు నెలల తరబడి నిలవ ఉంటే సూక్ష్మజీవులు వెల్డింగ్ గీతల మీద కాపురం పెడతాయి. ఒక్కరోజు కూడా వాడని కొత్త లైను సూది చిల్లులతో కారడం చూసి సరుకు నకిలీదని గొడవ మొదలవుతుంది. నీళ్లు దించేసి గాలితో ఆరబెట్టడం గంటల్లో అయిపోయే పని.

సరుకు అసలుదో కాదో తేల్చడానికి ఇప్పుడు చేతిలో పట్టుకునే ఎక్స్‌రే గన్‌లు వచ్చాయి. క్రోమియం, నికెల్, మాలిబ్డినం శాతాలు క్షణాల్లో చూపిస్తాయి, 202ను ఇట్టే పట్టేస్తాయి. అయితే అవి కార్బన్‌ను చూడలేవు. 304, 304ఎల్ రెండూ గన్‌కు ఒకటే. ఆ తేడా చెప్పేది మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్, దానిలో ఉన్న హీట్ నంబరు, అంటే ఆ ఉక్కు ఏ విడత కరిగించిందో చెప్పే నంబరు. ఆ నంబరు పైపు మీద ఒకచోటే అచ్చువేసి ఉంటే, ఫిట్టరు పైపు కోసినప్పుడు అది ఒక ముక్కతోనే పోతుంది. మిగిలిన ముక్క యార్డులో పడి, ఆర్నెల్ల తర్వాత ఏ గ్రేడో తెలియని 'స్టీలు పైపు'గా ఇంకో లైనులోకి ఎక్కుతుంది. రంపం పెట్టకముందే మార్కరుతో ఆ నంబరు రెండో ముక్క మీద రాస్తే పట్టేది అర నిమిషం.